పరిచర్యే ప్రార్థనగా జీవించిన తల్లి

మే నెల రెండో ఆదివారం. ఆరాధన ముగింపుకు వస్తుంది. సంఘ కాపరి చిరునవ్వుతో ఒక ప్రకటన చేస్తారు. ముందు వరుసలో కూర్చున్న చిన్నారులు చేతుల్లో పువ్వులు పట్టుకొని లేస్తారు. స్త్రీల వైపు నడిచి వెళ్లి తమ తల్లుల చేతుల్లో ఆ పువ్వులు పెడతారు. తల్లుల కళ్లు చెమరుస్తాయి. మన పట్టణాలలోని అనేక సంఘాలలో మాతృదినోత్సవం నాడు ఏటా కనిపించే దృశ్యమిది.

ఈ దినం ఎక్కడ పుట్టిందో ఎందరికి తెలుసు? ఇది గ్రీటింగు కార్డుల వ్యాపారులు కనిపెట్టిన పండుగ అని కొందరంటారు. పాశ్చాత్య నాగరికత మన మీద రుద్దిన వేడుక అని మరికొందరు కొట్టిపారేస్తారు. నిజానికి ఈ దినానికి బీజం పడినది ఏ దుకాణంలోనూ కాదు. ఒక చిన్న ఊరి చర్చిలో, ఆదివార పాఠశాలలో పసిపిల్లలకు వాక్యం నేర్పిన ఒక గృహిణి హృదయంలో. జీతమెరుగని సేవలో తన జీవితకాలాన్ని గడిపిన ఆ ధన్యురాలి పేరు ఆన్ రీవ్స్ జార్విస్. ఆమె కోరుకున్న దినానికీ, నేడు లోకం జరుపుకుంటున్న దినానికీ నడుమ ఉన్న అంతరాన్ని తెలుసుకోవడం విశ్వాసులమైన మనకు ఎంతో అవసరం.

కాపరి ఇంట పుట్టిన బిడ్డ

ఆన్ 1832 సెప్టెంబరు 30న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, కల్పెపర్‌లో జన్మించారు. తండ్రి మెథడిస్టు సంఘ బోధకుడు. ఆమె బాల్యంలోనే తండ్రికి బదిలీ కావడంతో ఆ కుటుంబం పశ్చిమాన కొండల నడుమ ఉన్న ఫిలిప్పీ అనే ఊరికి చేరింది. ఇది పౌలు సువార్త ప్రకటించిన ఫిలిప్పీ కాదు, అమెరికాలో అదే పేరు గల ఒక చిన్న పట్టణం. ఆ ప్రాంతమే తరువాతి కాలంలో, 1863లో, వెస్ట్ వర్జీనియా అనే ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది.

1850లో పద్దెనిమిదేళ్ల వయసులో ఆమెకు గ్రాన్‌విల్ జార్విస్‌తో వివాహమైంది. ఆయన బాప్టిస్టు బోధకుని కుమారుడు, వృత్తిరీత్యా వర్తకుడు. రెండేళ్ల తరువాత దంపతులు సమీపంలోని వెబ్‌స్టర్ గ్రామంలో స్థిరపడ్డారు. భర్తకు వ్యాపారం ఉంది, ఇంటికి లోటు లేదు. కానీ ఆ ఇంటి గడప దాటి లోనికి వచ్చిన దుఃఖానికి అంతులేదు.

చిన్న చిన్న సమాధులు

పదిహేడేళ్ల కాలంలో ఆమె పదకొండు మందికి తక్కువ కాకుండా బిడ్డలను కన్నారు. యుక్తవయసు దాకా బ్రతికి బట్టకట్టినది నలుగురే. తట్టు, టైఫాయిడ్, డిఫ్తీరియా ఆ కొండ ప్రాంతపు పల్లెలను ఏటా చుట్టుముట్టి పసిపిల్లలను ఎత్తుకుపోయేవి. అది ఒక్క జార్విస్ ఇంటి కథ కాదు. ఆ రోజుల్లో తొట్టిలోని బిడ్డ పెళ్లీడుకు వస్తుందన్న భరోసా ఏ తల్లికీ లేదు. 'దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు' అని కన్నీళ్లు తుడుచుకోవడమే తల్లులకు తెలిసిన ఓదార్పు.

ఆన్ కూడా దేవుని ఎదుట కన్నీరు విడిచారు. అయితే అక్కడితో ఆగలేదు. 1858లో, మరొక బిడ్డను కడుపున మోస్తున్న దినాలలో, ఆమె ఇరుగుపొరుగు తల్లులను కూడగట్టారు. వెబ్‌స్టర్, గ్రాఫ్టన్, ఫెటర్‌మన్, ప్రంటీటౌన్, ఫిలిప్పీ అనే ఐదు ఊళ్లలో తల్లుల సంఘాలను స్థాపించారు. వాటికి 'మదర్స్ డే వర్క్ క్లబ్బులు' అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పుకోవాలంటే తల్లుల పని దినపు సంఘాలు. ఈ పేరులోని 'పని' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. దానిని మనం మళ్లీ తలచుకోవలసి ఉంటుంది.

ఆ సంఘాలు ఏం చేశాయి? తల్లులు విరాళాలు పోగుచేసి బీద కుటుంబాలకు మందులు కొన్నారు. ఏ ఇంట తల్లి క్షయతో మంచం పట్టిందో, ఆ ఇంట వంటకూ పిల్లల ఆలనా పాలనకూ ఒక స్త్రీని కుదిర్చారు. పిల్లలు త్రాగే పాలను, తినే ఆహారాన్ని పరీక్షించారు. ఇంటింటికీ వెళ్లి పరిశుభ్రత గురించి బోధించారు. ఆన్ సోదరుడు జేమ్స్ రీవ్స్ టైఫాయిడ్ జ్వరాలపై కృషి చేసిన వైద్యుడు. ఆయన సలహా ఈ తల్లులకు దారి చూపింది.

ఇదంతా ఏ కాలంలో? టైఫాయిడ్ క్రిమిని శాస్త్రజ్ఞులు గుర్తించినది 1880లో. క్షయ క్రిమిని కాక్ పండితుడు కనుగొన్నది 1882లో. అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే, వైద్య పట్టా లేని పల్లె తల్లులు శుభ్రమైన పాల కోసం, శుభ్రమైన ఇంటి కోసం ఇల్లిల్లూ తిరిగారు. ప్రభుత్వం పాలను తనిఖీ చేయాలన్న నియమం ఆ ప్రాంతానికి రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. తన బిడ్డలను తిరిగి తెచ్చుకోలేని తల్లి పొరుగింటి బిడ్డలను కాపాడటానికి నడుం కట్టింది. ప్రేమను కేవలం మాటలతో కాక క్రియలతో చూపమని యోహాను భక్తుడు హితవు చెప్పాడు కదా! ఆ హితవుకు ఆమె జీవితమే వ్యాఖ్యానం.

రెండు సైన్యాల నడుమ ఒక తల్లి

మూడేళ్లు గడిచేసరికి దేశమే రెండుగా చీలింది. బానిసత్వం విషయమై ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైంది. ఆన్ నివసించే టేలర్ కౌంటీ రైలు మార్గాల కూడలి. కనుక ఇరు సైన్యాల చూపూ దాని మీదే పడింది. ఆమె పెరిగిన ఫిలిప్పీ పట్టణంలోనే 1861 జూన్ 3న పోరు జరిగింది. ఒకే వీధిలోని అన్నదమ్ములు ఎదురెదురు సైన్యాలలో చేరారు. ఒకే చర్చిలో పక్కపక్కన కూర్చొని కీర్తనలు పాడినవారు ఒకరినొకరు శత్రువులుగా చూసుకున్నారు.

అప్పుడు ఆన్ తన సంఘాల తల్లులను ఒక తీర్మానానికి ఒప్పించారు. ఈ సంఘాలు ఏ పక్షానికీ చెందవు. ఆకలితో వచ్చినవాడు నీలి దుస్తుల ఉత్తరాది సైనికుడైనా, బూడిదరంగు దుస్తుల దక్షిణాది సైనికుడైనా అన్నం పెట్టాలి, బట్ట ఇవ్వాలి. శిబిరాలలో టైఫాయిడ్, తట్టు ప్రబలినప్పుడు ఆ తల్లులే వెళ్లి ఇరుపక్షాల రోగులకూ సేవ చేశారు. ఆ ప్రాంతంలో మొదట నేలకొరిగిన ఉత్తరాది సైనికుని కోసం ప్రార్థించడానికి ఇతరులు వెనుకాడిన వేళ, ఆమె ఒక్కరే ముందుకు వచ్చి ప్రార్థించారని చెబుతారు.

చీలిక చర్చిని కూడా వదలలేదు. మెథడిస్టు సంఘం ఈ బానిసత్వ వివాదం పైనే 1844–45 నాటికే జాతీయ స్థాయిలో ఉత్తర, దక్షిణ శాఖలుగా విడిపోయింది. ఆ చీలికను తమ ఊరి సంఘంలోకి కూడా తీసుకురావాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ఆన్ అందుకు సమ్మతించలేదు. విడిపోయిన ఆ శాఖలు తిరిగి ఒక్కటి కావడానికి 1939 దాకా పట్టింది. పెద్దలు దాదాపు ఒక శతాబ్దం తరువాత చేసిన పనిని ఒక గృహిణి తన ఊరిలో అప్పుడే చేయబూనిందన్నమాట.

యుద్ధం 1865లో ముగిసింది. కానీ మనసులలోని యుద్ధం ముగియలేదు. ఇళ్లకు చేరిన సైనికులు పగలతో రగులుతున్నారు. 1868లో ఆన్ సాహసోపేతమైన ఒక కార్యం తలపెట్టారు. 'తల్లుల స్నేహ దినం' పేరిట ప్రంటీటౌన్‌లోని న్యాయస్థానం ఆవరణలో ఇరుపక్షాల సైనికులనూ, వారి కుటుంబాలనూ ఒకచోట చేర్చారు. గొడవలు జరుగుతాయని బెదిరింపులు వచ్చాయి. ఆమె వెనక్కు తగ్గలేదు. ఆ సభలో ఇరుపక్షాల గీతాలూ వినిపించాయి. ఆన్ లేచి సఖ్యత గురించి మాట్లాడారు. సభ ముగిసేసరికి ఎదురెదురుగా తుపాకులు పట్టినవారు కన్నీళ్లతో చేతులు కలిపారు. సమాధానపరచువారు ధన్యులని కొండమీద ప్రసంగంలో ప్రభువు పలికిన మాట ఆ సాయంత్రం ఒక న్యాయస్థానపు ముంగిట నెరవేరింది.

పాతికేళ్ల ఆదివారాలు

యుద్ధకాలంలో చేసిన సాహసాలను చరిత్ర ఎలాగో గుర్తుపెట్టుకుంటుంది. చరిత్ర అంతగా పట్టించుకోని మరో సాహసం ఉంది. అది ప్రతి ఆదివారమూ చేసేది.

జార్విస్ కుటుంబం గ్రాఫ్టన్ పట్టణానికి మారిన తరువాత అక్కడ ఆండ్రూస్ మెథడిస్టు చర్చి 1873లో ప్రతిష్ఠ జరుపుకున్నది. ఎర్ర ఇటుకల ఆ మందిరపు ఆదివార పాఠశాలలో చిన్నపిల్లల విభాగానికి ఆన్ పాతికేళ్ల పాటు పర్యవేక్షకురాలిగా ఉన్నారు. పాతికేళ్లంటే దాదాపు పదమూడు వందల ఆదివారాలు. మంచు కురిసే ఆదివారాలు, వాన ఆదివారాలు, ఒంట్లో బాగులేని ఆదివారాలు, ఇంట్లో చుట్టాలున్న ఆదివారాలు అన్నీ అందులో ఉంటాయి. పసిపిల్లలకు పాఠం చెప్పేవారికి చప్పట్లు ఉండవు. ఈ ఏడు అక్షరం తెలియక వచ్చిన పిల్లవాడు నాలుగేళ్లలో పెద్ద తరగతికి వెళ్లిపోతాడు. మళ్లీ కొత్తవాళ్లు వస్తారు. మళ్లీ నోవహు ఓడ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

పాఠశాలతో పాటు ఆమె సభలలో ఉపన్యాసాలు కూడా ఇచ్చేవారు. బైబిలులోని తల్లులు, స్త్రీలకూ పిల్లలకూ పరిశుభ్రత విలువ, పెద్దల పర్యవేక్షణలో పిల్లలకు ఆటపాటల అవసరం అన్నవి ఆమె ప్రసంగాంశాలలో కొన్ని. వాక్యమూ, వంటిల్లూ, ఆటస్థలమూ ఆమె దృష్టిలో వేరువేరు కావు. మోషేను జమ్ముపెట్టెలో దాచిన యోకెబెదు, సమూయేలును మందిరానికి అర్పించిన హన్నా, తిమోతికి విశ్వాసం నేర్పిన లోయి, యునీకే... ఈ తల్లులలో ఎవరూ ప్రసంగ పీఠం ఎక్కలేదు. అయినా వారు లేకపోతే ఆ ప్రవక్తలూ బోధకులూ ఎక్కడ నుంచి వస్తారు?

1876లో ఒక ఆదివారం బైబిలు తల్లుల పాఠం ముగించి ఆమె చేసిన ప్రార్థనను కుమార్తె అన్నా జీవితాంతం మరువలేదని చెబుతారు. మానవాళికి అన్ని రంగాలలోనూ సాటిలేని సేవ చేస్తున్న తల్లులను స్మరించడానికి ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు ఒక దినాన్ని ఏర్పాటు చేయాలన్నది ఆ ప్రార్థన సారాంశం. అన్నాకు అప్పటికి పన్నెండేళ్లు.

డెబ్బై రెండు గంటలు

1902లో భర్త మరణించాక ఆన్ ఫిలడెల్ఫియాలో ఉన్న తన పిల్లల దగ్గరకు చేరారు. 1905 మే 9న డెబ్బై రెండేళ్ల వయసులో ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఆ రోజుల్లో గ్రాఫ్టన్‌లోని ఆండ్రూస్ చర్చి గంట ఆమె గౌరవార్థం డెబ్బై రెండుసార్లు మోగిందని అక్కడివారు చెప్పుకుంటారు.

తల్లి ప్రార్థనను నెరవేర్చే బాధ్యతను అన్నా తన భుజాన వేసుకున్నారు. 1908 మే 10, ఆదివారం. తల్లి పాఠాలు చెప్పిన ఆ ఆండ్రూస్ చర్చిలోనే మొట్టమొదటి మాతృదినోత్సవ ఆరాధన జరిగింది. అన్నా ఫిలడెల్ఫియా నుంచి ఐదు వందల తెల్లని కార్నేషన్ పువ్వులు పంపారు. అవి తల్లికి ఇష్టమైన పువ్వులు. అక్కడి నుంచి ఆ ఆచారం ఊరూరా పాకింది. 1910లో వెస్ట్ వర్జీనియా గవర్నరు దానిని గుర్తించారు. 1914లో అమెరికా చట్టసభ తీర్మానించగా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మే రెండో ఆదివారాన్ని మాతృదినంగా ప్రకటించారు. కాలక్రమేణా అది సముద్రాలు దాటి మన దేశానికీ, మన చర్చిలకూ వచ్చింది.

పోయిన మాట

కథ ఇక్కడ ముగిసి ఉంటే ఎంత బాగుండేది! కానీ కొద్ది సంవత్సరాలలోనే పూల వ్యాపారులు మే నెలలో ధరలు పెంచారు. మిఠాయి దుకాణాలు, కార్డుల కంపెనీలు ఆ దినాన్ని తమ పండుగగా మార్చుకున్నాయి. తల్లికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయడానికి తీరిక లేక అచ్చు కార్డు కొని పంపేవారిని చూసి అన్నా మనసు విరిగింది. తాను స్థాపించిన దినం మీదే ఆమె పోరాటానికి దిగారు. చివరికి దానిని రద్దు చేయాలని కూడా ప్రయత్నించారు. ఉన్న ఆస్తినంతా ఆ పోరాటంలో ఖర్చు చేసి, పెళ్లి లేక, బిడ్డలు లేక, 1948లో ఒక ఆరోగ్యాశ్రమంలో కన్నుమూశారు. తల్లి సమాధి పక్కనే ఆమెను ఉంచారు.

అన్నా బాధలో న్యాయముంది. అయితే ఇక్కడ మనం మరో మాట కూడా ఆలోచించాలి. తల్లి స్థాపించినది 'తల్లుల' పని దినం. అందరు తల్లులూ కలిసి, పక్కింటి బిడ్డ కోసం పని చేసే దినం. కుమార్తె స్థాపించినది 'తల్లి' దినం. ఎవరి తల్లిని వారు ఇంటిలో స్మరించుకునే దినం. కుమార్తె ప్రేమను తప్పు పట్టలేము. కానీ బహువచనం ఏకవచనం అయినప్పుడు 'పని' అన్న మాట జారిపోయింది. పని పోయిన చోట పువ్వు మిగిలింది. పువ్వు మిగిలిన చోటికి వ్యాపారి వచ్చాడు. సేవను స్మరించే దినంలో సేవ లేకపోతే ఆ ఖాళీని ఏదో ఒకటి నింపక తప్పదు కదా!

మన సంఘంలోని ఆన్ ఎవరు?

ఈ కథ గ్రాఫ్టన్‌కు మాత్రమే చెందినదా? కాదు. మన ఊరి చర్చిని ఒకసారి మనసులో తలచుకుందాం. మొదటి గంట కొట్టక ముందే వచ్చి తాళం తీసే అమ్మ ఒకరుంటారు. చాపలు దులిపి పరుస్తారు. బల్ల మీద గుడ్డ మార్చి పూలు పెడతారు. సంస్కారపు గిన్నెలు కడిగి తుడుస్తారు. మే నెల సెలవుల బైబిలు పాఠశాలలో ఎండను లెక్కచేయక పిల్లలకు యాక్షన్ పాటలు నేర్పిస్తారు. ఎవరింట జ్వరమో, ఎవరింట గొడవో కాపరి కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. ఆమెకు జీతం లేదు, పదవి లేదు. చర్చి గోడ మీద శిలాఫలకాలు ఉంటాయి. పునాది వేసినవారి పేరు, గంట ఇచ్చినవారి పేరు, ఫ్యాన్లు ఇచ్చినవారి పేరు వాటి మీద కనిపిస్తాయి. ముప్పై ఏళ్లు ఊడ్చినవారి పేరు మాత్రం ఏ రాతి మీదా కనిపించదు.

ఆమె మంచాన పడినప్పుడే మనకు తెలుస్తుంది. ఆ ఆదివారం తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది. పిల్లలు వరండాలో అల్లరి చేస్తుంటారు. 'ఇన్నాళ్లూ ఈ పనులన్నీ ఆమేనా చేసేది?' అని పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపి ఏడ్చారని అపొస్తలుల కార్యములు చెబుతున్నది. ఆమె చేసిన సేవకు సాక్ష్యం ఆ బట్టలే. మన తబితాల బట్టలను వారు బ్రతికుండగానే చూడగలిగితే ఎంత ధన్యత!

పౌలు భక్తుడు రోమా సంఘానికి రాసిన పత్రిక చివర కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను పేరుపెట్టి ప్రస్తావించాడు. ఆమెను చేర్చుకొమ్మన్నాడు, ఆమెకు కావలసిన సహాయం చేయమన్నాడు. అంటే పరిచారకురాలిని కేవలం పొగిడితే చాలదు, ఆమె చేతి బరువును పంచుకోవాలన్నది పౌలు ఉద్దేశం. ఈ ఉపదేశాన్ని ఆచరించడం కష్టమేమీ కాదు. వచ్చే మాతృదినం నాడు పిల్లల చేత పువ్వు ఇప్పిద్దాం, అందులో తప్పు లేదు. దానితో పాటు ఆ ఒక్క ఆదివారమైనా చీపురు యువకులు పట్టుకోవాలి. గిన్నెలు సంఘ పెద్దలు కడగాలి. వార్డులోని పిల్లల ఆరోగ్యం గురించి స్త్రీల సమాజం ఒక గంట కూర్చొని మాట్లాడుకోవాలి. ఎవరింట తల్లి జబ్బుతో ఉన్నదో ఆ ఇంటికి అన్నం పంపాలి. అప్పుడు జారిపోయిన ఆ 'పని' అన్న మాట ఆ దినానికి తిరిగి వస్తుంది.

గ్రాఫ్టన్‌లోని ఆ ఇటుకల చర్చి ఈనాటికీ నిలిచి ఉంది. 1962లో దానిని అంతర్జాతీయ మాతృదిన స్మారక మందిరంగా నెలకొల్పారు. 1992లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. ఆన్ జార్విస్ తనకొక మందిరం కట్టమని ఎన్నడూ అడగలేదు. పిల్లలు బ్రతకాలనీ, పగలు చల్లారాలనీ, తల్లుల సేవను లోకం గుర్తించాలనీ మాత్రమే ప్రార్థించారు. ఆ ప్రార్థనలో మన వంతు ఇంకా మిగిలే ఉంది. మన చర్చి తలుపు తీసే ఆ అమ్మ పేరేమిటో, ఆమెకు ఇప్పుడు ఏం అవసరమో ఈ ఆదివారం వెళ్లి అడుగుదాం. ప్రభువు సన్నిధిలో అది ఏ పువ్వుకూ తీసిపోని కానుక అవుతుంది.